దగ్గు మందు

సైకిల్ రేసు ముగిశాక డోపింగ్ పరీక్ష అధికారిణి ఫేబేకు నోటీసు ఇచ్చింది. తోడుగా ఒకరిని తెచ్చుకునే హక్కు ఉందని చెప్పింది. ఫేబే ఎవరినీ పిలవకముందే కోచ్ దుర్గారావు వచ్చి పక్కన కూర్చున్నాడు.

అధికారిణి చూస్తుండగా మూత్రం పట్టడానికి ఫేబే సిగ్గుపడింది. అసహ్యం మాత్రం తర్వాత, ఫారం నింపేటప్పుడు కలిగింది.

గత వారం రోజుల్లో వాడిన మందులన్నీ అందులో రాయాలి. దుర్గారావు ఆమె చెవి దగ్గరికి వంగాడు. గుట్కా వాసన కొట్టింది.

"దగ్గు మందు అని రాసెయ్ బేటా. ఇంజెక్షన్ మాట ఎత్తకు."

"విటమిన్ అన్నావు కదా భయ్యా. రాస్తే ఏంటట?"

"పాగల్! దొరికితే బ్యాన్ నీకు. నాకేంటి?"

శుక్రవారం ఆమెకు సూది గుచ్చిన అతని చెయ్యి ఇప్పుడు ఆమె భుజం మీద ఉంది. ఫేబే దాన్ని తీసేసింది. తెలుగులో రాయవచ్చా అని అధికారిణిని అడిగింది. రాయవచ్చని, అనువాదం చేయిస్తామని ఆమె చెప్పింది.

చర్చిలో బైబిలు చదవడానికి నేర్చుకున్న అక్షరాలతో ఫేబే రాసింది: "శుక్రవారం పోర్ట్ బ్లెయిర్ డాలీగంజ్‌లో కోచ్ దుర్గారావు నాకు ఇంజెక్షన్ చేశాడు. విటమిన్ అన్నాడు. ఇప్పుడు దగ్గు మందు అని రాయమంటున్నాడు." కింద సంతకం చేసింది.

పోర్ట్ బ్లెయిర్‌లో పుట్టి పెరిగిన దుర్గారావుకు తెలుగు మాట్లాడటమే వచ్చు, చదవడం రాదు. ఆ సంగతి ఒప్పుకోడు. కాగితాన్ని పైనుంచి కిందికి చూశాడు.

"ఏం రాశావే?"

"నువ్వు చెప్పిందే భయ్యా."

"శాబాష్!" అని ఆమె పెన్ను తీసుకుని, తోడు వచ్చినవారి గడిలో సంతకం చేశాడు.

అతను తిరిగిచ్చిన పెన్నును ఫేబే చెత్తబుట్టలో పడేసి, చేతులు కడుక్కోవడానికి వెళ్లింది.