పడుకుని చూడని మంచాలు

నాది అనకాపల్లి. ఆస్పత్రి మంచాలు తయారు చేస్తాను. బైపాస్ పక్కన రేకుల షెడ్డు, దాని నుదుటి మీద 'జన్నత్ హాస్పిటల్ ఫర్నిచర్' అని బోర్డు. జన్నత్ బీ మా అమ్మ పేరు. ఆస్పత్రి మంచానికి స్వర్గం పేరు పెడితే దాన్ని ఎక్కే రోగి ఏమనుకుంటాడో నాకు గానీ, బోర్డు రాసినవాడికి గానీ తట్టలేదు. ఇంత తెలివైనవాణ్ణి కాబట్టే వ్యాపారాన్ని ఏకంగా ఆఫ్రికా ఖండానికి విస్తరించాలని బయలుదేరాను.

అసలు సంగతి ఏమిటంటే షెడ్డు మునిగిపోతోంది. చుట్టుపక్కల నర్సింగ్ హోములన్నీ పెద్ద కంపెనీల మంచాలకు మళ్ళాయి. కుర్రతనం నుంచీ నాతో కలిసి వెల్డింగ్ చేస్తున్న పరదేశి కూడా పరవాడ ఫార్మా కంపెనీలో చేరిపోదామా అనుకుంటున్నాడు. పైకి అనడు. కంపెనీ బస్సు వెళ్తుంటే మాత్రం పని ఆపి, అది మలుపు తిరిగేదాకా చూస్తాడు. ఒక పెద్ద ఆర్డరు రాకపోతే రంజాన్ లోపు షెడ్డుకి తాళం వేయాల్సిందే.

విశాఖలో అంతర్జాతీయ వైద్య పరికరాల ప్రదర్శన పెడుతున్నారని, ఆఫ్రికా దేశాల నుంచి కొనేవాళ్ళు వస్తున్నారని మా అమ్మాయి మహేక్ చెప్పింది. వెంటనే సూటు కుట్టించాను. విజిటింగ్ కార్డు మీద 'మేనేజింగ్ డైరెక్టర్, ఆఫ్రికా డివిజన్' అని వేయించాను.

"మిగతా డివిజన్లు ఏవి అబ్బా?" అని అడిగింది మహేక్.

"పెడదాంలే, తొందరేటి" అన్నాను.

మంచం వ్యానులో వెళ్ళింది, ఇంగ్లీషు కోసం మహేక్‌ని వెంటబెట్టుకుని నేను ఆర్టీసీ బస్సులో వెళ్ళాను. సీటు దొరకలేదు. టై కట్టుకుని, పై కడ్డీ పట్టుకుని వేలాడుతూ అంతర్జాతీయ మార్కెట్లో అడుగుపెట్టాను.

మా స్టాలుకి ఒక పక్క స్కానింగ్ మిషన్లు, ఇంకో పక్క చైనా వాళ్ళ మంచాలు. ఆ చైనా కుర్రాడు పొద్దున్నే వాళ్ళ మంచం ఎక్కి పడుకున్నాడు. ఎవరొచ్చినా పడుకునే నవ్వుతాడు. మధ్యాహ్నం కాసేపు గురక కూడా పెట్టాడు. వీడికి పని చేసే ఉద్దేశం లేదని నేను మహేక్‌తో అన్నాను కూడా.

సాయంత్రం గ్రేస్ చిలేషె గారు వచ్చారు. జాంబియా ఆవిడ. నర్సుగా మొదలుపెట్టి, ఇప్పుడు అక్కడి కొన్ని ఆస్పత్రులకు పరికరాలు కొనే పెద్ద అధికారి అయ్యారు. నేను రాత్రంతా తయారు చేసుకున్న ఉపన్యాసం ఎత్తుకున్నాను. మీది బీద దేశం కదా, మోటుగా వాడినా తట్టుకునే మంచం ఇది అని దాని సారాంశం. మహేక్ అది ఇంగ్లీషులో చెప్పలేదు. నా కూతురు నా మాట వినకపోవడం అంత మేలు చేసిన రోజు ఇంకోటి లేదు.

ఆవిడ వంగి అతుకులన్నీ వేలితో తడిమి చూశారు. తుప్పు గురించి అడిగారు. మంచం ఎత్తే హ్యాండిల్ విరిగితే వాళ్ళ రాజధాని లుసాకాలో ఎవరు బాగుచేస్తారని అడిగారు.

"నో ప్రాబ్లం" అన్నాను. నాకు ధైర్యంగా వచ్చిన ఇంగ్లీషు అదొక్కటే. అన్నిటికీ అదే చెప్పాను.

"అయితే ఒకసారి పడుకుని చూపించండి" అన్నారు ఆవిడ.

నేను ఒక అడుగు వెనక్కి వేశాను. ఎందుకంటే మా షెడ్డులో ఒక రివాజు ఉంది. మా అబ్బా, అదే మా నాన్న, పెట్టినది. ఒంట్లో బాగున్నవాడు ఆస్పత్రి మంచం మీద వీపు ఆనించకూడదు. ఆనిస్తే ఆ మంచం మనిషిని గుర్తుపెట్టుకుంటుంది, ఎప్పటికైనా పిలుస్తుంది. సాయిబులం మేమూ నమ్ముతాం, కె. కోటపాడు నుంచి వచ్చే పరదేశీ నమ్ముతాడు. మధ్యాహ్నం కునుకు పట్టిందంటే కొత్త మంచాల మధ్య నేల మీద గోనెపట్టా పరుచుకుని పడుకుంటాం. మరి మంచం గట్టిదో కాదో ఎలా తెలుస్తుందంటే, మార్కెట్ నుంచి బెల్లం దిమ్మలు తెచ్చి దాని మీద పేరుస్తాం. కాళ్ళు వంగకపోతే పాస్. మాది అనకాపల్లి, దిమ్మలకేం కొదవ. ఇన్నేళ్ళలో ఒక్క దిమ్మ కూడా నడుం పట్టేసిందని అనలేదు.

"నాకు నడుం నొప్పి, పడుకోలేనని చెప్పమ్మా" అన్నాను.

మహేక్ నా వైపు చూసిన చూపు నేను మరిచిపోలేను. అయినా చెప్పింది. నడుం నొప్పి ఉన్న మనిషి ఎక్కడానికి భయపడే ఆస్పత్రి మంచాన్ని చిలేషె గారు కాసేపు చూశారు. తర్వాత నన్ను చూశారు. రేపు మీ ఫ్యాక్టరీకి వస్తానన్నారు. ఆర్డరు నా చేతిలో పడినట్టేనని ఇంటికెళ్ళి మెహ్రాజ్‌కి చెప్పాను. మెహ్రాజ్ నా భార్య. నేను చెప్పేదాంట్లో సగం తీసేసి మిగతా సగం గురించి దిగులు పడడం ఆవిడ అలవాటు.

మర్నాడు షెడ్డంతా కడిగించాం. మెహ్రాజ్ పెద్ద డేగిసాలో బిర్యానీ వండింది. చిలేషె గారు మాత్రం షర్బత్ గ్లాసు పక్కన పెట్టి సూటిగా మంచాల దగ్గరికి వెళ్ళారు.

"మీలో దీని మీద ఎవరు పడుకుని చూశారు?" అని అడిగారు.

పరదేశి ముందుకొచ్చి, "బెల్లం దిమ్మలు పేర్చి సూత్తాం మేడమ్. ఇప్పటిదాకా ఒక్క కాలూ వంగలేదు" అన్నాడు గొప్పగా. మహేక్ ఇక దాచలేక రివాజు సంగతంతా చెప్పేసింది. ఆవిడ నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు.

"నా రోగులు బెల్లం కాదు" అని చెప్పులు విప్పి తనే మంచం ఎక్కబోయారు.

"ఆగండి ఆగండి" అంటూ మెహ్రాజ్ గుమ్మంలోంచి వచ్చింది. నా వైపు తిరిగి, "ఇంటికొచ్చిన మనిషిని ఆ మంచం ఎక్కిత్తారా? ఇదేటి మర్యాద? మీరే ఎక్కండి" అంది.

నా భార్య నన్ను అంత తేలిగ్గా అల్లాకి అప్పగిస్తుందని నేను ఏనాడూ అనుకోలేదు.

బిస్మిల్లా అనుకుని ఎక్కాను. భయం వేసింది, దాచేదేముంది. చిలేషె గారు హ్యాండిల్ తిప్పారు. తలవైపు పైకి లేచింది, నేను కిందికి జారాను. మంచం రెండు రేకులూ కలిసేచోట వేసే ఇనప అడ్డబద్ద పల్చటి పరుపులోంచి సరిగ్గా నా నడుం కింద గుచ్చుకుంది. బ్రహ్మాండంగా ఉందని చెప్పాలని ముందే అనుకున్నాను. నోట్లోంచి "అమ్మో" అని వచ్చింది. దానికి తర్జుమా అక్కర్లేకపోయింది.

"మీ మంచాల మీద రోగులు ఎంతసేపు పడుకుంటారు?" అని అడిగారు ఆవిడ.

"రోజుల తరబడి" అన్నాను.

"అయితే మా భోజనాలు అయ్యేదాకా ఉండండి."

వాళ్ళు బిర్యానీ తింటుంటే మేనేజింగ్ డైరెక్టరు సూటుతో సహా మంచం మీద ఉన్నాడు. కాసేపటికి దాహం వేసింది. గ్లాసు పెట్టే స్టాండు తల వెనక ఉంది, చెయ్యి అందలేదు. అక్కడ బిగించమన్నది నేనే. పక్కకి ఒత్తిగిలుదామంటే బద్ద ఇంకో ఎముకకి తగిలింది. లేచి కూర్చుందామంటే మంచం పక్క కమ్మీ మోచేతికి కొట్టింది. పరదేశి వచ్చి, "ఎలాగుంది బావా?" అని అడిగి, నేను చెప్పేలోపే ఇంకో ముక్క వేయించుకోడానికి వెళ్ళిపోయాడు. పడుకున్నవాడి మాట ఎవడూ నిలబడి వినడని నాకు అప్పుడు తెలిసింది. ఏడుపొచ్చినంత పనైంది.

వాళ్ళు తిని వచ్చేసరికి నేను ఆగలేకపోయాను. బద్ద, స్టాండు, కమ్మీ, జారుడు, అన్నీ కక్కేశాను. అమ్మేవాడు తన సరుకుని కొనేవాళ్ళ ముందు అంతలా తిట్టడం విశాఖ ప్రదర్శనలో ఏ స్టాల్లోనూ జరిగుండదు. మహేక్ ఇంగ్లీషు నా వెనకే పరిగెత్తింది.

పరదేశికి రోషం వచ్చింది. "అంత లేదులే బావా, నువ్వు మరీ సేత్తన్నావు" అని, నూకాలమ్మ తల్లికి దండం పెట్టుకుని పక్క మంచం ఎక్కాడు. వెల్లకిలా పడుకుని చాలాసేపు రేకుల కప్పు చూస్తూ ఉండిపోయాడు.

"నాకూ గుచ్చుతోంది. దీన్ని అతికింది నేనే బావా" అన్నాడు మెల్లగా.

చిలేషె గారు నా పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నారు. "బద్దదేముంది, మార్చుకోవచ్చు. కానీ జాంబియాలో మంచం చెడితే నేను దాన్ని అనకాపల్లి మోసుకురాలేను. మీరు ఇప్పటికే అమ్మినవి ఉన్నాయి కదా, వాటిని ఏం చేస్తారో చూస్తాను. ఆదివారం దాకా విశాఖలోనే ఉంటాను. ఆ తర్వాతే ఆర్డరు సంగతి" అన్నారు.

ఈసారి నో ప్రాబ్లం అనలేదు, మా మంచాలు అమ్మిన ఊళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. మాకవరపాలెం, కె. కోటపాడు, ఇంకా ఎన్ని ఊళ్ళు. ఈ క్షణాన కూడా ఎవరో ఒకరు ఆ బద్ద మీద పడుకునే ఉంటారు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆవిడ కారు బైపాస్ ఎక్కగానే మాకవరపాలెం నర్సింగ్ హోముకి ఫోన్ చేశాను. అక్కడి వ్యవహారాలన్నీ చూసేది నానాజీ. మంచాల బద్దలు మార్చడానికి మనుషుల్ని తీసుకుని వస్తున్నానని చెప్పాను.

"ఏటి సాయిబూ, ఎంత గుంజుదామని?" అన్నాడు.

"ఏటీ ఒద్దు. ఊరికే మారుత్తాం."

"ఊరికే ఎందుకు మారుత్తావు? నీ మంచాలు బానే ఉన్నాయి కదా. ఎంతమంది పడుకున్నారు, నడుం దగ్గర గుచ్చుతోందని ఒక్క పేషెంటూ అన్లేదే."

"అనరు బాబూ" అన్నాను. "ఆళ్ళు అది రోగం నొప్పే అనుకుంటారు."

అవతల నానాజీ, సాయిబు మంచాలెన్నున్నాయో లెక్కపెట్టమని ఎవరికో కేకేశాడు. తర్వాత, పొద్దున్నే వచ్చేయమన్నాడు.