గేరు సైకిలు, సగం మీసం

నల్లపాడు స్టేషను రోడ్డులో సిలార్‌కి ఉన్నవి రెండు: ఓ చిన్న సైకిల్ షాపు, ఓ పెద్ద మీసం. రెండింటికీ రోజూ నూనె పెట్టేవాడు. షాపుకి బేరం వచ్చినప్పటికన్నా మీసాన్ని ఎవరైనా మెచ్చుకున్నప్పుడే ఎక్కువ పొంగిపోయేవాడు. మనిషి మంచివాడే. కాకపోతే "నాకు తెలీదు" అనే మాట అతని నోటికి అలవాటు లేదు.

రోడ్డుకి అటువైపు అంకమ్మరావు షాపు. అతనిదీ సైకిళ్ల పనే, అతనికీ మీసం ఉంది, అతనికీ తెలియని సంగతంటూ లేదు. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే బళ్లో ఎక్కాలు ఎగ్గొట్టారు. ఇప్పుడు పొద్దున్నే షాపులు తీయగానే ఒకరినొకరు నాలుగు మాటలనుకోకపోతే ఇద్దరికీ తాగిన టీ అరగదు.

రెండువేల రెండు వేసవి. మిరప బస్తాల లారీలు మిర్చి యార్డు దారిన బారులు తీరి, ఊరంతా తుమ్ముతున్న రోజులు. ఓ సోమవారం మహతి అనే ఇంజనీరింగ్ చదివే అమ్మాయి ఒక గేరు సైకిలు నడిపించుకుంటూ సిలార్ షాపుకి వచ్చింది. సన్నటి టైర్లు, పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిలు. స్టాండు లేదు, క్యారేజీ లేదు, మడ్‌గార్డులు లేవు, బెల్లు కూడా లేదు.

"ఇయ్యన్నీ ఎవరు పీకేశారమ్మా?" అని జాలిగా అడిగాడు సిలార్.

"దీనికి ఉండవండీ. ఇది రేసు సైకిలు. ఆదివారం పెదకాకాని దాకా పోటీ ఉంది. వెనక చక్రం బెండొచ్చింది, స్పోకులు విరిగాయి. చక్రం ఒక్కటీ చేసివ్వండి చాలు. చైను జోలికీ గేర్ల జోలికీ మాత్రం వెళ్లకండి, ప్లీజ్."

"నిశ్చింతగా వెళ్లమ్మా. శనివారం వచ్చి తీసుకుపో."

చక్రం బెండు తీయడంలో సిలార్‌ని మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు, ఆ మాట అంకమ్మరావే ఒప్పుకుంటాడు, సిలార్ లేనప్పుడు. సాయంత్రానికల్లా చక్రం వెంట్రుకవాసి ఊగకుండా తిరిగింది. అక్కడితో ఆగి ఉంటే పోయేది. ఆగనిస్తేగా!

"ఒరేయ్ సిలారూ! ఆ చైను చూడరా, ఎండాకాలం కుక్క నాలిక్కిమల్లే వేలాడతంది. అదన్నా బిగిస్తావా, ఆ పిల్లని దార్లో పడేస్తావా?" అని అంకమ్మరావు రోడ్డు దాటేలా కేకేశాడు.

సిలార్ చూశాడు. నిజమే, వేలాడుతోంది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి అతను చూసిన సైకిళ్లన్నిటికీ ఒకటే సూత్రం: చైను లూజయితే ఊడుతుంది, ఊడితే తిట్లు పడతాయి. మహతి చెప్పిన మాట చెవిలో ఉంది గానీ, అంకమ్మరావు మాట రోషంలో పడింది. "ముందే చూశాలేరా, నువ్వు చెప్పాలా?" అంటూ చైను పిన్నులు ఊడగొట్టే పంచి పెట్టి ఓ ముక్క కోసేసి, మిగతాది బిర్రుగా బిగించాడు.

"గేరు సైకిలు నీవల్ల కాదురా," అన్నాడు అంకమ్మరావు.

"శనివారం ఆ పిల్ల దీన్నెక్కి, గేర్లన్నీ మారస్తా ఈ రోడ్డు చివరిదాకా పోకపోతే నా మీసం సగం గీయించుకుంటా!"

"పోతే నాది గీయించుకుంటా!"

టీ బంకు దగ్గర పదిమంది విన్నారు. ఆ రోడ్డులో పదిమంది విన్న మాట రిజిస్ట్రీ అయినట్టే. పూర్తి మీసం తీయిస్తే ఏ మొక్కో అనుకుని ఊరుకుంటారు. సగం మీసానికి ఏ సాకూ లేదు, పెరిగేదాకా వీధి వీధంతా ఆపి అడుగుతుంది. పక్కనే సెలూన్ నడిపే రామాంజనేయులు ఆ పూటే కత్తికి పదును పెట్టించాడు.

శనివారం మహతి వచ్చి చక్రం తిప్పి చూసి మురిసిపోయింది. తర్వాత పెడల్ తిప్పుతూ గేరు మార్చింది. చైను కర్రలా బిగుసుకుపోయి, చక్రం కదలనని మొరాయించింది.

"చైను ఎవరు కోశారండీ?"

"లూజుగా ఉంటే..." సిలార్ గొంతు లూజయింది.

"ఆ లూజు కావాలండీ! పెద్ద పళ్లచక్రం మీదికి ఎక్కాలంటే చైను పొడుగు చాలొద్దూ? రేపే కదా పోటీ!"

సిలార్ చెయ్యి దానంతటదే మీసం మీదికి పోయింది. పందెం సంగతి గుసగుసగా చెప్పేశాడు. మహతికి ముందు కోపమొచ్చింది, తర్వాత ఆ మీసం వంక చూసేసరికి నవ్వొచ్చింది.

"కోసిన ముక్క ఉందా?"

ఉంది. పాత నట్ల డబ్బాలోంచి తీసిచ్చాడు.

"గుమ్మానికున్న ఆ గోనెపట్టా దించండి. నేనే అతికించుకుంటాను. మీరు బయట కూర్చుని ఏదో ఒకటి చప్పుడు చేయండి."

సిలార్ గోనెపట్టా దించి, దాని ముందు కూర్చుని, పనికిరాని రిమ్ము ఒకటి ఒళ్లో పెట్టుకుని సుత్తితో వాయించడం మొదలుపెట్టాడు. "ఎవురూ దగ్గరికి రావద్దు! గేరు గురి కుదురుతంది! గాలి తగిలినా తప్పుద్ది!" అని ఒకటే కేకలు. జనం నిజంగానే నాలుగడుగులు వెనక్కి జరిగారు. లోపల్నుంచి మహతి, "ఇంకాస్త గట్టిగా అరవండి, పంచి చప్పుడు బయటికొస్తోంది," అంది. సిలార్ బిస్మిల్లా అని గొంతెత్తాడు.

కాసేపటికి మహతి సైకిలు బయటికి తెచ్చి ఎక్కింది. టక్, టక్ మని గేర్లు మారుస్తూ రోడ్డు చివరిదాకా పోయి, చెయ్యి ఊపి, అటునుంచి అటే వెళ్లిపోయింది. జనం ఈలలు వేశారు. సిలార్ మీసం రెండు కొసలూ మెలేశాడు.

అంకమ్మరావు టీ గ్లాసు కింద పెట్టి, నేరుగా వెళ్లి సెలూన్ కుర్చీలో కూర్చున్నాడు.

"కానియ్ రామాంజనేయులూ."

సిలార్ తిట్లు తింటాననుకున్నాడు. ఇదేం పందెమని రచ్చ చేస్తాడనుకున్నాడు. ఏదీ లేదు. మెడకి తువ్వాలు చుట్టారు, మీసానికి నురగ పట్టించారు, అంకమ్మరావు నిబ్బరంగా తల వెనక్కి వాల్చాడు. పదో తరగతిలో ఇద్దరూ ఒకే అద్దం ముందు నిలబడి, ఎవరికి ముందు మొలిచిందని కొట్టుకున్న మీసమది. సిలార్‌కి సిగ్గేసింది. ఒళ్లంతా సిగ్గేసింది. తను గెలవలేదు, వాడు మాత్రం మాట మీద నిలబడుతున్నాడు.

కత్తి మీసం దగ్గరికి వచ్చింది.

"ఆగరా!" అని సిలార్ అరిచాడు. "ఆ సైకిలు నేను చెయ్యలా. చైను కోసి చెడగొట్టింది నేను, బాగుచేసుకుంది ఆ పిల్ల!"

సెలూన్ ముందు చేరిన జనం నోళ్లు తెరిచారు. అంకమ్మరావు మాత్రం తీరిగ్గా నురగ తుడుచుకున్నాడు.

"ఇప్పటికి అన్నావా! నురగ ఆరిపోతంది, ఇంకా అనడేందిరా వీడు అనుకుంటున్నా."

"నీకు తెలుసా?"

"నీ షాపు వెనక తడిక కంతలోంచి అంతా చూశా. గాలి తగిలినా తప్పుద్దని నువ్వు అరిచినప్పుడు నవ్వాపుకోలేక నోట్లో తువ్వాలు కుక్కుకున్నా."

"మరి తెలిసీ ఎందుకు కూర్చున్నావురా?"

"ఆపుతావో ఆపవో చూద్దామని."

"ఆపకపోతే?"

"గీయించుకునేవాణ్ణి. మీసం మళ్లీ మొలుస్తది. రేపట్నించి పొద్దున్నే తిట్టుకోటానికి ఇంకో మనిషిని వెతుక్కునేవాణ్ణి, అంతే."

సిలార్ మీసం ఓసారి తడుముకుని, ఆశగా తలెత్తాడు. "అయితే పందెం లేదన్నట్టేనా?"

అంకమ్మరావు కుర్చీ దిగి, తువ్వాలుతో దాన్ని శుభ్రంగా దులిపాడు. "కూర్చో."

"చైను లూజని ఎగదోసింది నువ్వు కాదంట్రా!"

"చెప్పింది నేనే. కోసింది నువ్వు. కూర్చో."

సిలార్ కూర్చున్నాడు. రామాంజనేయులు నురగ పట్టించి, "ఎటేపు తియ్యమంటారు?" అనడిగాడు. అంకమ్మరావు రోడ్డు దాటి తన షాపుకి వెళ్లి, రోజూ కూర్చునే స్టూలు మీద కూర్చుని, సిలార్ పనిచేసే చోటు వంక కళ్లు చికిలించి చూసి, తిరిగొచ్చాడు.

"ఎడమేపు తియ్. పనిలో కూర్చుంటే నాకు కనబడేది అదే."