సందర్శన దినం కాదు

ఆ వీధిలో అందరూ ఆమెను జిప్పులమ్మ అనేవాళ్ళు. మెట్ల కింద బీరువా అంత దుకాణం, ఒక కుట్టుమిషను, గోడకు మేకులకు తగిలించిన దారపు ఉండలు. కొత్త బట్టలు కుట్టేది కాదు. పాతవాటికి అంచులు మడిచేది, పొడుగు చేతులు పొట్టి చేసేది, తెగిన జిప్పులు మార్చేది. వయసు యాభై రెండు. మూడో ఏట నుంచి పద్దెనిమిదో ఏడు దాకా సర్కారు నడిపే పిల్లల ఇంట్లో పెరిగింది. ఆ సంగతి దాచేది కాదు, అలాగని చెప్పుకునేదీ కాదు.

ఆయాసం వస్తోందని ఒకరోజు డాక్టరు దగ్గరికి వెళ్ళింది.

"మీ అమ్మగారికి గానీ నాన్నగారికి గానీ గుండె జబ్బుందా?" అని అడిగాడాయన.

"తెలియదండీ."

"షుగరు?"

"అదీ తెలియదు."

డాక్టరు కాగితం మీద రెండుచోట్ల అడ్డగీతలు గీశాడు.

ఇంటికొచ్చి భర్తకు చెప్పింది. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్. "నీ ఫైలు సంక్షేమ శాఖ వాళ్ళ దగ్గర ఉండే ఉంటుందిగా, అడుగు. అడగందే అమ్మైనా పెట్టదు," అని, అన్నాక నాలిక కరుచుకున్నాడు. ఆమె మాత్రం ఏమీ అనుకోలేదు. మర్నాడే అర్జీ రాసింది.

ఎవరి వివరాలు వాళ్ళు అడిగితే నెల లోపు ఇవ్వాలని చట్టం. నెలకు 'మీ అర్జీ అందినది' అని ఒక కాగితం వచ్చింది. ఆ తర్వాత ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. దుకాణం మూసుకుని ఆ ఆఫీసుకు కాళ్ళరిగేలా తిరిగింది. కౌంటరులో గుమాస్తా మంచివాడే, కూర్చోమనేవాడు. మొదట ఫైలు వెతుకుతున్నామన్నాడు. తర్వాత, ఫైలు ఉందో లేదో చెప్పడానికి కూడా పైవాళ్ళ సంతకం కావాలన్నాడు. ఐదోసారి వెళ్ళినప్పుడు గొంతు తగ్గించి, "అందులో వేరేవాళ్ళ సంగతులుంటాయమ్మా, అందుకే ఇవ్వట్లేదు," అన్నాడు.

"నా ఫైల్లో వేరేవాళ్ళెవరు బాబూ?"

"అంటే... మీ వాళ్ళేనమ్మా," అని నీళ్ళు నమిలాడు.

అలా పదకొండు నెలలు గడిచాయి. ఇలాంటి ఆఫీసుల మీద అజమాయిషీకి సమాచార కమిషన్ అని ఒకటుందని భర్త ఎక్కడో విని వచ్చాడు. ఫిర్యాదు పంపారు. ఆరు వారాలకు అక్కడి నుంచి ఒక అధికారిణి ఫోన్ చేసింది. జలుబు చేసిన గొంతు, తొందర లేని మాట.

"మీ కేసు నా దగ్గరికొచ్చిందమ్మా. ముందే చెబుతున్నాను, ఇది ఇవాళ రేపట్లో తేలదు. ఆ ఒక్క శాఖ మీదే నూట అరవై ఫిర్యాదులున్నాయి. దాదాపు అందరూ మీలా ఆ ఇళ్ళల్లో పెరిగినవాళ్ళే."

"నూట అరవై మందా?"

"ఫిర్యాదు చేసినవాళ్ళమ్మా. ఊరుకున్నవాళ్ళ లెక్క మాకు తెలియదు."

కమిషన్ మొదట శాఖకు సలహా రాసింది. శాఖ జవాబివ్వలేదు. హెచ్చరిక రాసింది. సిబ్బంది చాలరని జవాబొచ్చింది. ఉత్తరం వెళ్ళినప్పుడల్లా అధికారిణి జిప్పులమ్మకు ఫోన్ చేసి చెప్పేది. జిప్పులమ్మ ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, మిషను తొక్కడం ఆపి, "సరేనండీ" అనేది. మొదట్లో కోపం వచ్చేది. రానురాను అదీ రాలేదు. ఎవరో తెలిసినవాళ్ళ ఊళ్ళో వానల గురించి వింటున్నట్టు ఉండేది.

చివరికి కమిషన్ రెండు పక్షాలనూ పిలిపించింది. చిన్న గది, పొడుగు బల్ల, ఒక మూల ఆగిపోయిన ఫ్యాను. ఒకవైపు శాఖ తరఫున వచ్చిన పెద్దమనిషి, ఎదురుగా జిప్పులమ్మ, చివర తుమ్ముకుంటూ అధికారిణి.

పెద్దమనిషి చాలాసేపు మాట్లాడాడు. పాత రికార్డులన్నాడు, ఆఫీసు మారిందన్నాడు, బాధ్యత గల సంస్థగా విచారిస్తున్నామన్నాడు. ఆయన కోటు కుడిచేతి అంచు ఊడి దారం వేలాడుతోంది. జిప్పులమ్మ కళ్ళు దాని మీదే ఉన్నాయి. నాలుగు కుట్లు వేస్తే సరిపోతుంది, అనుకుంది.

"ఫైలు ఎక్కడుందో చెప్పండి," అంది అధికారిణి.

"మూడో అంతస్తు రికార్డు గదిలో మేడమ్."

"దొరికి ఎన్నాళ్ళయింది?"

పెద్దమనిషి కాగితాలు సర్దుకున్నాడు. "దొరకడమేంటి మేడమ్... మొదటి నుంచీ అక్కడే ఉంది."

అధికారిణి జిప్పులమ్మ వైపు చూసింది, ఏమైనా అంటుందేమోనని. ఆ శాఖ ఆఫీసు మూడో అంతస్తుకు లిఫ్టు ఉంది. దాన్ని రెండుసార్లు తన మొగుడే బాగుచేశాడు. జిప్పులమ్మకు అది గుర్తొచ్చింది, అంతే.

ముప్పై రోజుల్లో ఫైలు ఇచ్చి తీరాలని కమిషన్ ఆజ్ఞ రాసింది. ఇరవై తొమ్మిదో రోజున అట్టపెట్టె వచ్చింది. రెండు వందల పన్నెండు పేజీలు. సగానికి పైగా నల్లగీతలే. కొన్ని పేజీలైతే పైనుంచి కింది దాకా తారు పోసినట్టున్నాయి. జిప్పులమ్మ దుకాణంలో పని మధ్యలో ఆపి, పదేసి పేజీలు చదివింది. దగ్గు మందు ఇచ్చారు. చెప్పులు చిన్నవైతే మార్చారు. అన్నం సరిగా తినదు, మొండి.

నలభయ్యో పేజీలో, ఎవరిదో గుండ్రటి చేతిరాతలో ఇలా ఉంది: 'తల్లి వచ్చినది. సందర్శన దినం కాదు. పంపివేయడమైనది.'

యాభై మూడులో అదే మాట. అరవైలో అదే. లెక్కపెట్టుకుంటూ పోతే తొమ్మిది. మీ అమ్మ మిమ్మల్ని వదిలేసి పోయింది, మళ్ళీ తొంగి చూడలేదు అని ఆ ఇంటి ఆయా పిల్లలందరికీ ఒకే పాటలా చెప్పేది. పదో చోట వేరే చేతిరాత: 'తల్లి మరణించినట్లు తెలిసినది. కారణం' అని ఉండి, అక్కడినుంచి నల్లగీత. దాని కింద, 'పిల్లకు తెలుపనవసరం లేదు.' ఆ తేదీ నాటికి పిల్లకు ఏడేళ్ళు.

అప్పుడే ఒకావిడ సంచి జిప్పు పోయిందని తెచ్చింది. జిప్పులమ్మ జిప్పు మార్చి, రెండుసార్లు లాగి చూసి ఇచ్చింది. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి.

సాయంత్రం అధికారిణికి తానే ఫోన్ చేసింది. "మా అమ్మ ఎలా పోయిందో నల్లగీత కింద ఉందండీ."

"వాళ్ళేమని కారణం రాశారు?"

"వేరే వ్యక్తి ఆరోగ్య వివరమట."

"ఈ చట్టం బతికున్నవాళ్ళకే వర్తిస్తుందమ్మా. పోయినవాళ్ళ వివరమని దాచడానికి లేదు. కానీ మీ కేసు మూసేశారు. కొత్తది పెట్టాలి. ఫారం నేనే నింపుతాను, మీరు సంతకం చేయండి చాలు."

"వాళ్ళకేమైనా శిక్ష పడుతుందా?"

"మందలింపు ఇచ్చాం. మా వెబ్‌సైటులో పెడతాం, రెండేళ్ళుంటుంది. జరిమానా వేస్తే అది జనం సొమ్మే కదా, ఆ పిల్లల ఇళ్ళకు వెళ్ళే డబ్బులోంచే కోస్తారు. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందని మావాళ్ళు వెయ్యరు." ఆగి, "నాకైతే వెయ్యాలనే ఉందమ్మా," అంది.

"సరేనండీ," అంది జిప్పులమ్మ.

నలభై రోజులకు ఒకే ఒక్క కాగితం వచ్చింది, ఈసారి గీతల్లేకుండా. కారణం: గుండె జబ్బు. పక్కనే తల్లి పూర్తి పేరు. జిప్పులమ్మ డాక్టరుకు చెప్పింది. ఆయన పరీక్ష రాశాడు. చేయించుకుంది. ప్రస్తుతానికి భయపడాల్సిందేమీ లేదు, ఏడాదికోసారి చూపించుకోండి అన్నారు.

ఆ ఆదివారం పొద్దున్న భర్త టీ కలిపి తెచ్చి, ఎదురుగా కూర్చున్నాడు.

"ఏడవలేదేమే నువ్వు?"

"రావట్లేదండీ. వస్తే ఆపుకుంటానా?"

"తొమ్మిదిసార్లు వచ్చిందటగా."

"లోపలికి రానియ్యలేదు. ఏ రోజు రావాలో ఎవరూ చెప్పలేదేమో." కప్పు చేతిలోకి తీసుకుంది కానీ తాగలేదు. "నాకూ ఆ రోజులన్నిట్లో ఏదో ఒకటి గుర్తుండాలి కదా. గేటు దగ్గర ఎవరో నిలబడినట్టో, ఏదో. ఎంత తవ్వుకున్నా ఏమీ లేదు."

ఆయన, "పేరేంటి ఆవిడది?" అని అడిగాడు.

చెప్పింది. ఆయన మెల్లగా ఒకసారి పలికి చూశాడు. "బాగుందే పేరు," అన్నాడు.

"మామూలు పేరేలెండి," అంది ఆమె. "మన వీధిలోనే ఇద్దరున్నారు."