ఒక్కసారి ప్రవేశానికే

భీమశంకరరావు దగ్గర ఇంకా ఎందుకు పనిచేస్తున్నావని చాలామంది అడిగారు. దూరంగా ఉంటే మనిషికి ఎక్కడ కొడితే నొప్పి పుడుతుందో తెలియదు. అందుకే ఉన్నాను.

వాడిది యాత్రల బస్సుల వ్యాపారం. ఆఫీసు విశాఖపట్నంలో పూర్ణా మార్కెట్ వెనక సందులో. కాశీ, గయ, అయోధ్య, అటునుంచి నేపాల్. బస్సుతోపాటు వంటవాళ్ళు, గ్యాసు పొయ్యిలు, బియ్యం బస్తాలు వెళ్తాయి. మనవాళ్ళు ఎంత దూరం పోయినా పూటపూటకీ వేడి అన్నం, పప్పు పడాలి. నా భార్య ఈశ్వరి ఆ బస్సుల్లో వంటమనిషి. నేను డ్రైవర్ని. ఇద్దరం ఒకే బస్సులో వెళ్ళింది తక్కువ.

రెండేళ్ళ కిందట జనవరిలో ఈశ్వరి నేపాల్ బస్సులో వెళ్ళింది. నేను పూరీ బస్సు మీద ఉన్నాను. నేపాల్ సరిహద్దు గేటు దాటడానికి మనకు వీసా అక్కర్లేదు. ఓటరు కార్డో పాస్‌పోర్టో చూపిస్తే చాలు. ఈశ్వరి దగ్గర రెండూ లేవు. "ఆధార్ ఉంది గదా సెల్లెమ్మా, అక్కడ సూసుకుందాం" అన్నాడు భీమశంకరరావు. గేటు దగ్గర ఆధార్ చెల్లదన్నారు. ఆమెను దించేశాడు. రేపు సాయంత్రానికి వచ్చేస్తామని చెప్పి బస్సు దాటించాడు. మూడో రోజు వచ్చాడు.

దుప్పట్లు బస్సు మీద ఉన్నాయి. ఆమె సంచీ, ఫోను బస్సులో ఉన్నాయి. బస్సు అవతల ఉంది. విశాఖపట్నం ఉక్కపోతలో పుట్టిన మనిషి, ఆ మంచులో, మూసేసిన కొట్టు అరుగు మీద కొంగు కప్పుకుని పడుకుంది. నేను వాడికి ఫోన్ చేస్తే "సత్రంలో పడుకుంది బావా, సుబ్బరంగా ఉంది" అన్నాడు.

నెమ్ము చేసి అక్కడి ఆసుపత్రిలో పోయింది. నేను బయల్దేరానని చెప్పినా భీమశంకరరావు ఆగలేదు. యాత్రికులకు ఆలస్యమైపోతుందని అక్కడే దహనం చేయించి, చిన్న కుండ పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి కట్టెల ఖరీదు కూడా చెప్పాడు.

ఆ తర్వాత వాడికి థాయ్‌లాండ్ దొరికింది.

బ్యాంకాక్ నుంచి నేరుగా మా ఊరికి విమానం వచ్చాక బుద్ధుడి యాత్రలకు అటునుంచి మనుషులు రావడం మొదలైంది. తొట్లకొండ, బావికొండ, బొజ్జన్నకొండ చూపించి, ఒరిస్సా మీదుగా బుద్ధగయ, సారనాథ్. గేటు దాటి లుంబిని. మళ్ళీ ఇవతలికి వచ్చి శ్రావస్తి. చివర గయలో విమానం. బ్యాంకాక్ కంపెనీతో భీమశంకరరావు మాట్లాడుకున్నాడు. ఇల్లు తాకట్టు పెట్టి రెండు కొత్త బస్సులు కొన్నాడు. వాటి మీద థాయ్ అక్షరాలు రాయించాడు. మొదటి గుంపు సంతోషంగా తిరిగి వెళ్తేనే మిగిలిన గుంపులు పంపుతామని కంపెనీ చెప్పింది.

నాకు కొట్టాల్సిన చోటు తెలిసింది.

మొదటి గుంపు నవంబరులో వచ్చింది. పద్దెనిమిది మంది. అందరూ పెద్దవాళ్ళే. నడిపించే ఆవిడ పేరు రత్తనా. బడిలో పంతులమ్మగా చేసి మానేసిందట. బ్యాంకాక్ కంపెనీ ఆవిడ తమ్ముడిదే. హోటల్లో గదులు రాయించడానికి పాస్‌పోర్టులు నా చేతికిచ్చారు. నేను మా ఊరి బడిలో ఏడు దాకా చదివాను. వీసా మీద సింగిల్ అని ఉంటే చదవడానికి అది చాలు. ఇండియాలోకి ఒక్కసారి ప్రవేశానికే. గేటు దాటి లుంబినికి వెళ్తే తిరిగి రానివ్వరు. మనకు అక్కర్లేనివన్నీ వాళ్ళకు కావాలి. అవతలికి నేపాల్ వీసా, ఇవతలికి రెండోసారి అనుమతి.

పొరపాటేమో అని ఆఫీసుకు వెళ్ళి చెప్పాను. భీమశంకరరావు తలుపు దగ్గరగా వేశాడు.

"తెలుసు బావా. నానే సింగిల్ సాలని సెప్పాను. నువ్వు గేటు దాటించీసి, లుంబినిలో దింపీసి, కాళీ బస్సు తెచ్చీ. శ్రావస్తి లేదు."

"మరి ఆళ్ళు?"

"అక్కడ సూసుకుంటారు."

ఇంటికి వచ్చి ఆలోచించాను. ఆ సంగతి నేనే రత్తనాకు చెబితే అది డ్రైవరు మాట. వాడు పరుగెత్తుకొచ్చి, చేతులు జోడించి, తెలియక జరిగిందని చెప్పి, దారి మార్చి, బతికిపోతాడు. వాడి పాపం వాడి నోటితోనే రావాలి.

బయల్దేరే రోజు పొద్దున్న కూరగాయలకు పూర్ణా మార్కెట్‌కు వెళ్తూ నాగవంశీని వెంట తీసుకెళ్ళాను. వాడు మా బస్సుల్లో క్లీనరుగా చేసి, తర్వాత ఫుకెట్ హోటల్లో పనిచేసి వచ్చినవాడు, థాయ్ మాట్లాడతాడు. భీమశంకరరావు వాడిని ఆ గుంపులకు గైడుగా పెట్టుకున్నాడు.

"ఒరే, ఇయాల బస్సులో మీ సారు తెలుగులో మాటాడతాడు. అదంతా ఆళ్ళకి థాయ్‌లో సెప్పగలవా? ఏదీ వదలకుండా?"

బెండకాయ విరిచి చూస్తున్నవాడు తల ఎత్తాడు. "ఉజ్జోగం పోద్ది గదా మామా."

"పోద్ది."

మరో బెండకాయ విరిచాడు. కొట్టువాడు తిట్టాడు. "ఈశ్వరత్త నాకు ఏ బస్సులోనైనా మాడు అన్నం దాసుంచేది" అన్నాడు నాగవంశీ. "సెప్తాన్లే."

ఆనందపురం కూడలి దాటితే హైవే. అక్కడ బస్సు పక్కకు తీసి ఆపాను. పెద్దవాళ్ళు కొబ్బరిబొండాలు తాగుతుంటే నాగవంశీ రత్తనాతో మాట్లాడాడు. మా యజమాని వస్తాడు, అతను ఏమంటే అది మీకు చెప్తాను, అతను ముగించేదాకా ఏమీ అనకండి. ఆవిడ నా వైపు చూసింది. తల ఊపింది. అప్పుడు భీమశంకరరావుకు ఫోన్ చేశాను. "మేడమ్ గేటు గురించి అడుగుతంది. కదలనంటంది. బేగి రా."

వచ్చాడు. కారు దిగుతూనే చొక్కా సర్దుకుని, బస్సెక్కి, రెండు చేతులూ ముక్కుదాకా జోడించి "సవదీ కాప్" అని థాయ్‌లో పలకరించాడు. కొందరు తిరిగి చేతులు జోడించారు. తర్వాత నవ్వు చెదరకుండానే నా వైపు తిరిగాడు.

"ఏటి బావా ఈ గొడవ? ఏటడిగింది?"

"ఈ వీసాతో అవతలికి ఎల్తే మళ్ళీ ఎలగొస్తామని."

"ముసిల్దానికి అయ్యన్నీ ఎందుకు?" నాగవంశీ వైపు చూశాడు. "ఒరే, ఆళ్ళకి ఏదోటి సెప్తా ఉండు. కంగారు పడకుండా, మెత్తగా సెప్పు."

నాగవంశీ మైకు అందుకున్నాడు. కొండమీద గుడి చూపిస్తున్నంత మెత్తగా మొదలుపెట్టాడు.

"మరి ఎలగొస్తారు?" అన్నాను.

"రారు. నీకు సెప్పాను గదా. లుంబినిలో దింపీసి బస్సు తిప్పీ."

మైకులో థాయ్.

"పెద్దోళ్ళు. సామానుంది."

"డబ్బులున్నోళ్ళు బావా. కాట్మండు ఎల్లి ఇమానం ఎక్కుతారు. శ్రావస్తిలో ఏటుంది, పాత ఇటుకలు. ఆ నాల్రోజుల డీజిలు నాకు మిగులుద్ది."

"బ్యాంకాక్ వోళ్ళకి ఏటి సెప్తావ్?"

"రూలు మారిపోయింది, నా తప్పేటీ లేదంటాను. గేటు కాడ రూలు పూటకోటి మారుద్ది. ఎవడెల్లి సూస్తాడు?" ఎదురు సీటులోని ముసలాయన వైపు నవ్వాడు. ఆయన నవ్వలేదు.

నాగవంశీ ఆపలేదు. ఇప్పుడు నేను అడగాల్సింది ఒకటే ఉంది.

"ఈశ్వరిని కూడా అలగే గదా దింపీసినావ్."

"ఇప్పుడదెందుకు బావా?"

"ఊరికే. ఒక్క దుప్పటి పడీసుంటే బతికుండేది గదా."

"గేటు కాడ ఎనకాల లారీలోళ్ళు ఒకటే హారన్లు. టాపు మీద తాళ్ళిప్పాల, పరదా తియ్యాల. ఒక్క వంటమనిషి కోసం బస్సంతా ఆపీమంటావా? సచ్చిపోద్దని నానేటి కలగన్నానా!"

"సత్రంలో ఉందన్నావ్."

"నువ్వు ఊరుకోవాల గదా! పూరీలో బస్సు వదిలీసి వచ్చీసేవోడివి. నీ బస్సెవడు తోలుతాడు?"

ఇది నాకు తెలియదు. రెండేళ్ళుగా వాడిది నిర్లక్ష్యం అనుకున్నాను. పూరీ బస్సు ఆగకూడదని అబద్ధం చెప్పాడు. నా చేయి గేరు రాడ్డు మీద ఉంది. దాన్ని అక్కడే ఉంచాను.

నాగవంశీ మైకులో ఆ మాటా చెప్పేశాడు.

రత్తనా లేచి, సీటు పట్టుకుని, భీమశంకరరావు ముందుకు వచ్చి నిలబడింది. చిన్న మనిషి. అతని భుజం దాకా లేదు. ఏదో అడిగింది.

నాగవంశీ మైకు దింపాడు. "సార్, మేడమ్ అడుగుతన్నారు. ఆ దుప్పట్లు టాపు మీద ఎన్ని ఉన్నాయని."

భీమశంకరరావు నవ్వు ఇంకా మొహం మీదే ఉండిపోయింది. ఆ నవ్వు వెనక ఏమీ లేదు. "ఏటి సెప్పావురా ఆళ్ళకి?"

"మీరు సెప్పిందే సార్. ఏదోటి సెప్పమన్నారు గదా."

భీమశంకరరావు సీట్ల మధ్య వెనక్కి చూశాడు. ముందుకు చూశాడు. పద్దెనిమిది మొహాలు. చేతులు జోడించబోయి మానేశాడు. "బావా, పొరపాటని సెప్పు. నువ్వు సెప్పు. సెల్లెమ్మ పేరన ఏదైనా సేత్తాను."

"దిగు."

దిగాడు. రత్తనా ముందు సీటులో కూర్చుని తమ్ముడికి ఫోన్ చేసింది. చాలాసేపు మాట్లాడింది. గొంతు పెంచలేదు. చివర్లో నాగవంశీని పిలిచి రెండు మాటలు అడిగి, అవి కూడా చెప్పింది. తర్వాత నాకు చెప్పమంది. హోటల్‌కు తిరిగి వెళ్దాం, వేరే బస్సు వస్తుంది, ఈ ఏడు గేటు దాటరు, బుద్ధగయ చూసి వెళ్తారు. భీమశంకరరావుతో ఇక పని లేదు. మిగిలిన గుంపులు కూడా రావు.

"బుద్ధగయలో అత్త పేరన దీపం పెడతారంట మామా" అన్నాడు నాగవంశీ. "నీ కోపం కూడా సల్లారాలని మొక్కుతారంట."

"దీపం పెట్టమను. రెండోది వద్దను."

వాడు తటపటాయించాడు. "అలగ ఎలగంటాం మామా, పెద్దావిడ."

"అను."

అన్నాడు. రత్తనా నా మొహంలోకి చూసింది.

బస్సు స్టార్ట్ చేశాను. భీమశంకరరావు నా కిటికీ కింద, కొబ్బరి బొండాల బండి పక్కన నిలబడి ఉన్నాడు. వాడి ఫోన్ మోగింది. తెర చూసుకున్నాడు. బ్యాంకాక్ నంబరని మొహమే చెప్పింది.

"బావా, నువ్వు మాటాడు. గైడు తప్పుగా సెప్పాడని ఒక్క ముక్క సెప్పు. ఇల్లు పోద్ది బావా. నీ కాళ్ళట్టుకుంటాను."

"ఎత్తు" అన్నాను.

ఎత్తలేదు. మోగి మోగి ఆగింది. వెనకాల లారీవాడు హారన్ కొట్టాడు. నేను కదల్లేదు. మళ్ళీ మోగింది.

"ఎత్తు."

బొండాల బండి పట్టుకుని, ఎడమ చేత్తో ఫోన్ చెవికి ఆనించుకున్నాడు. "హలో సార్, నమస్తే సార్" అన్నాడు. అవతలి మాటలు నాకు వినపడలేదు. వాడు "నో సార్" అన్నాడు. నరికిన బొండాం డొప్పల మీదే కూర్చుండిపోయాడు. ఫోన్ మాత్రం చెవి నుంచి తీయలేదు.

అవతలివాళ్ళు పెట్టేసేదాకా చూశాను. అప్పుడు గేరు వేశాను.