వంటగట్టు మీద ఎర్ర చుక్క

గొడవ ప్లగ్గు దగ్గర మొదలైంది. మిక్సీ పక్క ప్లగ్గు తన ఫోనుదని అత్తగారు, తన లాప్‌టాప్‌దని కోడలు.

"నా ఫోను చచ్చి పడుంది. నీ పెట్టె మాత్రం కడుపు నిండా తాగుతోంది!"

"అత్తయ్యా, ఇందులో ఊరందరి డబ్బూ కదులుతోంది!"

"కదలనీ. నా ఫోను మాత్రం కదలట్లేదుగా!"

కోడలు చదివింది భూగోళశాస్త్రం. జనం ఫోన్లలో పంపుకునే డబ్బు నగరంలో ఎక్కడ ఎక్కువగా తిరుగుతుందో పటాలు గీయడం యూనివర్సిటీలో ఆమె పని. డబ్బు ఎంత తిరిగితే పటం అంత ఎర్రగా వెలుగుతుంది. వారం క్రితం బయటపెట్టిన పటంలో ఒక్కచోట నిప్పుకణికలా ఎర్ర చుక్క వెలిగింది. "నగరానికి కొత్త ఆర్థిక కేంద్రం!" అని డైరెక్టరు చప్పట్లు కొట్టాడు. రేపటి సమావేశంలో ఆమె ఉద్యోగం పర్మనెంటు చేస్తానని మాటిచ్చాడు.

అత్తాకోడళ్ళ వాదన తెగకముందే బెల్లు మోగింది. ఏటీఎం కంపెనీ మనిషి టేపు పట్టుకుని మెట్లు కొలుస్తున్నాడు.

"ఇక్కడ రద్దీ ఎప్పుడుంటుందమ్మా?"

"కుళాయి వచ్చినప్పుడు," అంది అత్తగారు.

అతను వెళ్ళాడో లేదో, కాఫీ షాపు పెడతానంటూ ఒకమ్మాయి స్కూటరు షెడ్డులో తల దూర్చింది. ఆమె వెనకే ఇస్త్రీ చొక్కాలో ఇంటి ఓనరు దిగాడు.

"పటం చూశానమ్మాయ్. బంగారు గని మీద కూర్చున్నారట మీరు! వచ్చే నెల నుంచి అద్దె రెట్టింపు. కుదరదంటే కాఫీ షాపుకి ఇచ్చేస్తా."

కోడలు పరుగున వెళ్ళి లాప్‌టాప్ తెరిచింది. చుక్కని పెద్దది చేసింది. వీధి వచ్చింది, ఇల్లు వచ్చింది, చివరికి వాళ్ళ వంటింటి కప్పు వచ్చింది. ఆ వెంటనే పొట్ట పట్టుకుని నవ్వడం మొదలెట్టింది.

"ఏమైందే?" అంటూ గరిటెతో పరిగెత్తుకొచ్చాడు భర్త.

"అడ్రసు తెలియని చెల్లింపులన్నిటినీ ప్రోగ్రాం నగరం నట్టనడుమ ఒకే చోట కుమ్మరిస్తుందండీ. వాటిని నేను తీసెయ్యాలి. మర్చిపోయా! ఆ నట్టనడుమ సరిగ్గా మన వంటగట్టే!"

"అంటే దిక్కూమొక్కూ లేని డబ్బంతా మనింట్లో కాపురముందా?"

"అందుకే నాకు ప్లగ్గు దొరకట్లేదు," అంది అత్తగారు, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ.

భోజనాల వేళకి గాని ఆ నవ్వు తగ్గలేదు. తగ్గాక కోడలు ఆలోచనలో పడింది. తప్పు జరిగిందని చెబితే ఉద్యోగం అనుమానం. చెప్పకపోతే ఇల్లు పోతుంది. ముందు గదిలో కొత్త అద్దె లెక్కలు వేసుకుంటున్న ఓనరు, వాసనకి లేచొచ్చి పీట లాక్కున్నాడు. కోడలు అందరికీ వడ్డించింది. గరిటె కింద పెట్టింది.

"రేపు నేనా పటాన్ని అందరి ముందూ వెనక్కి తీసుకుంటున్నా. దాని బదులు మన మెట్ల గురించి చెప్తా. లేని చుక్క కోసం ఎవరెవరు పరిగెత్తుకొచ్చారో, అద్దె ఎలా ఎగిరిందో! దీన్ని మించిన పరిశోధన నాకు దొరకదు. ఉద్యోగం ఇస్తే దీనికే ఇమ్మంటా. బాబాయిగారూ, అందులో మొదటి ఫొటో మీదే."

ఓనరు ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది.

"ఫొటో ఎందుకులే తల్లీ... పాత అద్దే ఇవ్వండి."

"ఇస్తాం. ఫొటో మాత్రం తప్పదు," అంది కోడలు. లాప్‌టాప్ వైరు పీకి, ప్లగ్గులో అత్తగారి ఛార్జరు పెట్టింది.