తునికాకు కట్టలో చివరి పేజీ

ఆగండాగండి! చేతిలో పని కాసేపు పక్కన పెట్టి నా మాట వినండి. ఇది ఎవరికో ఒకరికి చెప్పకపోతే నాకు ఊపిరాడేలా లేదు.

మా మేనత్త విశ్రాంతమ్మ ములకలపల్లి దగ్గర ఒక అడవి అంచు పల్లెలో నర్సు. హైదరాబాద్‌లో డిగ్రీ పరీక్షలు రాసేసి, సెలవులకు ఆమె ఇంటికొచ్చాను, లావుపాటి ఇంగ్లిష్ నవల ఒకటి వెంటేసుకుని. పాత పుస్తకాల బండి మీద కొన్నది. అట్ట లేదు, పేజీలన్నీ వదులు. కానీ కథ చూడాలి! సూర్యుణ్ని మింగేసిన ఒక లోయ. దాని అడుగున గుహ, గుహలో ఒక దీపం. అది తేవడానికి ఒక్క పిల్ల బయల్దేరుతుంది. లోపలి చీకటికి ప్రాణముంది. ఆ పిల్ల పడిపోయిన ప్రతిసారీ ఒకటి లాక్కుంటుంది. మొదట నీడ, తర్వాత పేరు, ఆ తర్వాత అమ్మ ముఖం. అయినా లేస్తుంది! మళ్లీ లేస్తుంది! నేను అన్నం తింటూ కూడా పుస్తకం మూయలేదు.

అది తునికాకు సీజన్. ఆడవాళ్లు తెల్లారకముందే అడవికెళ్లి బీడీల ఆకు కోసుకొస్తారు. మధ్యాహ్నం మా అత్త వాళ్ల అరుగు మీద చేరి, యాభై ఆకులకొక కట్ట చొప్పున నారతో బిగిస్తారు. వాళ్లకు ఈ కథ తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. అందరికంటే ముందు వచ్చి కూర్చునేది గంగక్క. కిందటేడు వాగు దగ్గర ఎలుగుబంటి ఆమె భుజం చీరేసింది. గాయం మానింది కానీ, అప్పట్నుంచి గంగక్క అడవిలో అడుగు పెట్టలేదు. కోడలు శారద తెచ్చిన ఆకు కడుతుంది, అంతే.

"గదేం పిల్లనే, చీకట్ల నోరు మూసుకొని నడుస్తది?" అంది మొదటి రోజే. "కూ పెట్టాలె. మనం కూ అంటే అవతల దోస్తు కూ అంటది. ఎలుగు గూడ ఇని పక్కకు పోతది."

"ఆ పిల్లకి అవతల ఎవరూ లేరు గంగక్కా."

"లేకుంటే ఏంది? నోరైతే ఉందిగా!"

"మరి నువ్వు ఆ రోజు పెట్టలేదా?"

గంగక్క నార ముడి గట్టిగా బిగించింది. "పెట్టలే ఏంజెలు బిడ్డా. లేతాకు కనపడ్డది. మురిసిపోయి మరిచిపోయిన."

వారం గడిచేసరికి కథ కొసకొచ్చింది. దీపం దొరికింది, చీకటి వెంటపడింది, గుహ నోరు మూసుకుపోతోంది! నేను టక్కున ఆపేశాను.

"చివరి పేజీ రేపు. నేను కూడా చదవలేదు, ఒట్టు!"

అరుగంతా గోల. శారద నా మీదికి ఆకు విసిరింది. గంగక్క మాత్రం నా చెయ్యి పట్టుకుంది. "ఆ పిల్ల బయటికొస్తే నేను గూడ అడవికి పోత. రాకపోతే ఈ అరుగే నా అడవి."

"అత్తా, మాట తప్పొద్దు మల్ల," అంది శారద.

"తప్పనే."

మర్నాడు పుస్తకం తెరిచాను. చివరి కాగితం లేదు! పరుపు కింద చూశాను, పెట్టె బోర్లించాను. లేదు.

"నిన్న గాలికి కాయితమొకటి ఎగిరి అత్త ఆకుల్ల పడ్డట్టుంది," అని నసిగింది శారద.

గంగక్క నాలుక కరుచుకుంది. "ఓయమ్మో! కథల పడి చూసుకోలే. ఆకనుకొని కట్టేసిన్నేమో!"

అప్పటికే కట్టలన్నీ కల్లంలో, అంటే ఊరి బయట వాటిని ఎండబెట్టే చోట ఉన్నాయి. అందరం పరుగెత్తాం. నేలంతా వరసలు వరసలుగా కట్టలు, వేలకు వేలు! కల్లం చూసుకునే దూలయ్య కర్ర అడ్డం పెట్టాడు.

"ఒక్క కట్ట ఇప్పినా ఊకోను. తిప్పి చూసుకోండ్రి, కావాల్నంటే. ఎట్లైనా తిప్పాల్సినయే."

సాయంత్రం దాకా తిప్పాం. దూలయ్యకు పని తప్పింది, మాకు నడుములు పడిపోయాయి. కాగితం మాత్రం కనపడలేదు. గంగక్క ముఖం చూడలేక నేనే ఒకటి అల్లేశాను.

"అక్కా, నిజానికి నేను ముందే చదివేశాను! ఆ పిల్ల బయటికొచ్చేసింది, దీపంతో, నవ్వుతూ..."

"ఊకో బిడ్డా. కథ చెప్పేటప్పుడు నీకు ఆయాసమొస్తది. ఇప్పుడు రాలే." గంగక్క ఒక కట్ట తిప్పి పెట్టింది. తర్వాత నెమ్మదిగా అంది: "కాయితం దొరికేదాక ఆ పిల్ల లోపల నడుస్తనే ఉంటది గదా?"

"అవును."

"అయితే నేను గూడ అప్పటిదాక నడుస్త."

నమ్ముతారా? మర్నాడు పొద్దున్నే అడవి అంచు నుంచి 'కూ' అని వినిపించింది. గంగక్క గొంతే! అటు నుంచి శారద 'కూ'! నేను అరుగు మీదే గెంతుతూ 'కూ' అన్నాను. మా అత్త మందుల సంచితో బయటికొచ్చి నాకేమైందోనని నుదురు పట్టుకు చూసింది. ఎండెక్కాక గంగక్క నెత్తిన ఆకు మూటతో వచ్చింది. చీరంతా ముళ్లు, ముఖమంతా నవ్వు. మూడు రోజులు అంచులోనే కోసింది. రేపు వాగు దాకా వెళ్తుందట. ఆ వాగు దాకానే!

ఇదిగో, ఇప్పుడే దూలయ్య రొప్పుతూ వచ్చాడు. ఎండకు ముడుచుకున్న కట్ట సందులోంచి తెల్లగా కనపడిందట. "ఓ ఏంజెలు బిడ్డా, నీ కాయితం దొరికింది!" అని ఊరంతా వినేలా అరిచి, నా చేతిలో పెట్టి పోయాడు.

చదివాను. గుహ నోరు మూసుకునే లోపు ఆ పిల్ల దీపాన్ని బయటికి విసిరింది. లోయంతా తెల్లారింది. ఆ పిల్ల రాలేదు.

దూలయ్య కేక విని గంగక్క వచ్చేసింది. చేతులు కొంగుకు తుడుచుకుని, ఎప్పటిలా అందరికంటే ముందు అరుగు మీద కూర్చుంది.

"చదువు బిడ్డా. వచ్చిందా మన పిల్ల?"

కాగితం నా చేతిలో ఉంది. గంగక్కకు ఇంగ్లిష్ రాదు. నాకు ఆయాసం మాత్రం నిజంగానే వస్తోంది. నా చోట మీరుంటే ఏం చదువుతారు?