వెనక సీటు లేని కారు

2024 జనవరి ఇరవై ఏడు, శనివారం. నా పాత మిత్రుడు రామభద్రరావు ఇంట్లో భోజనం. చిక్కుడుకాయ కూర, టమాటా పప్పు, గడ్డపెరుగు. నాకు కారం పడదని అతని భార్య కుసుమకుమారిగారు నా వంతు కూర ముందే విడిగా తీసిపెట్టారు. మా ఆవిడ రోసమ్మ పోయాక ఇలాంటివి అడగడం మానేశాను. అడక్కుండానే దొరికితే మరచిపోను.

తిన్నాక ముగ్గురం సైనిక్‌పురి నుంచి తిరుమలగిరి వెళ్లాం. అక్కడ హరికిషన్ అనే ఆయన తాతగారి షెడ్డులో రెండు పాత అమెరికన్ కార్లు అమ్మకానికి ఉన్నాయి. ఎర్రది అరవై ఆరు నాటి కార్వెట్, నీలంది అరవై ఏడు నాటి మస్టాంగ్. ఏలూరులో చదివే రోజుల్లో ఏదో పత్రికలో బొమ్మ చూసినప్పటి నుంచీ రామభద్రరావు ప్రాణమంతా కార్వెట్ మీదే. కాని భార్య సరే అనందే ఆ ఇంట్లోకి స్టీలు గిన్నె కూడా రాదు. మర్నాడు పొద్దున్నే బొంబాయి నుంచి మరొకాయన కార్వెట్ కొనడానికి వస్తున్నాడు. ఫిజిక్సు చెప్పినవాణ్ని కదా, ఆవిణ్ని ఒప్పిస్తానని నన్ను వెంటబెట్టుకొచ్చాడు.

"చెప్పండి మాస్టారూ," అన్నాడు నాతో.

ఉన్నమాటే చెప్పాను. మస్టాంగులు లక్షల్లో తయారయ్యాయి, విడిభాగాలు తేలిగ్గా దొరుకుతాయి, నలుగురు కూర్చోవచ్చు. కార్వెట్లు తక్కువ, అందుకే పాత కార్లు దాచుకునేవాళ్లు వాటి వెంటపడతారు. కాని డిక్కీకి బయట మూతే లేదు, సామాను సీట్ల వెనక నుంచి తోయాలి.

"ఇంతకీ మీరెవరి వైపండీ?" గొణిగాడు రామభద్రరావు.

కుసుమకుమారిగారు సంచిలోంచి చిన్న వెంకటేశ్వరస్వామి బొమ్మ తీశారు. దాని అడుగున అయస్కాంతం ఉంది. ఏ బండి కొన్నా ముందు బానెట్ మీద స్వామిని నిలబెట్టి దండం పెట్టుకోవడం ఆవిడ పద్ధతి. మస్టాంగ్ మీద స్వామి టక్కున అతుక్కున్నాడు. కార్వెట్ మీద మాత్రం సర్రున జారి ఆవిడ కొంగులో పడ్డాడు.

"స్వామి దిగిపోయాడండీ!"

"జెర ఇనుండ్రమ్మా," అన్నాడు హరికిషన్. "గది ఫైబర్ బాడీ, ఇనుము గాదు. అయస్కాంతం పట్టకుంటెనే ఒరిజినల్. పట్టిందంటెనే పరేషాన్ కావాలె."

"దేవుడు నిలవకపోతేనే అసలుదా? బాగుందయ్యా వరస!"

రామభద్రరావు దీనంగా నా వైపు చూశాడు. చర్చికి పోయే మనిషిని, ఈ విషయంలో నేనేం సాయపడగలను?

ఆవిడ కిటికీలోంచి లోపలికి తొంగిచూశారు. "వెనక సీటేదీ?"

"లేదు," అన్నాడు రామభద్రరావు, నేరం ఒప్పుకున్నట్టు.

"మరి నేనెక్కడ కూర్చోవాలి?"

"ముందే."

ఇన్నేళ్లూ ఆవిడకి వెనక సీటే. వాళ్ల కార్లలో ముందు సీటు మొదట అత్తగారిది, తరవాత మరిదిది. ఆ రోజు వస్తూ దాన్లో కూర్చున్నది నేను.

ఆవిడ కుడి తలుపు తీసి కూర్చున్నారు. స్వామిని ఒళ్లో పెట్టుకున్నారు. "ఈయన్ని నేను పట్టుకుంటాను గాని, మీరు పోనివ్వండి."

అమెరికా కారు కాబట్టి స్టీరింగు ఎడమవైపు ఉంది. చూసేవాళ్లకి ఆవిడే నడుపుతున్నట్టు కారు గేటు దాటింది.

తిరిగొచ్చేసరికి ఆవిడ నవ్వు ఆపుకోలేకపోతున్నారు. "అన్నయ్యగారూ! చౌరస్తాలో పోలీసాయన ఆపాడు. 'ఏందమ్మా, చేతులిడిసి నడుపుతున్నవ్?' అన్నాడు. ఈయన్ని చూపించి, డ్రైవరున్నాడు బాబూ అన్నాను!"

"మరి... మస్టాంగో?" భయంభయంగా అడిగాడు డ్రైవరు.

"అది మీ తమ్ముణ్ని కొనుక్కోమనండి."

చీకటి పడుతోంది. బయానా ఇచ్చి, కాగితాల పని మర్నాటికి పెట్టుకున్నారు, అందాకా కారు అక్కడే. నేను ముందుగా వెళ్లి మేం వచ్చిన కారులో వెనక సీట్లో సర్దుకున్నాను. హరికిషన్ షెడ్డు తలుపు లాగబోయాడు. ఆవిడ ఆయన్ని ఆపి, ఎర్ర కారును ఇంకోసారి చూసి, చప్పుడు కాకుండా తానే తలుపు మూశారు.